ఆరుగురికీ ఒకే గొంతు

జూన్ 14

పిన్నీ,

నేను క్షేమం. అమ్మ క్షేమం. అమ్మ నా మీద చెప్పే ఫిర్యాదులు కూడా క్షేమం, ఫోనులో రోజుకొకటి కొత్తది పుడుతోంది.

ఫోను చేస్తానంటే నువ్వేమన్నావు? "నువ్వు మాట్లాడితే నేను వినడమే అవుతుంది, ఉత్తరమైతే మధ్యలో పక్కన పెట్టి వంట చేసుకోవచ్చు" అన్నావు. అందుకే రాస్తున్నాను. వంట మాడితే నా పూచీ లేదు.

మా శిక్షణ కాలేజీలో రెండో ఏడు పిల్లల్ని ఆర్నెల్లపాటు ఎక్కడో ఒకచోట పని నేర్చుకోమని పంపుతారు కదా. నన్ను చదువుల శాఖ పెద్దాఫీసుకి పంపారు. మూడో అంతస్తులో కిటికీ లేని గది. చప్పుడు రాకుండా గోడలకి మందపాటి గుడ్డ అతికించారు. లోపల తుమ్మితే ఆ తుమ్ము మన చెవికే పరాయిదిలా వినిపిస్తుంది. నాలుగు బల్లలు, బల్లకో జత హెడ్‌ఫోన్లు, ఒక ఇంజనీరు, ఆయన టీ కప్పులు. కప్పులు మాత్రం లెక్కలేనన్ని.

పని ఏమిటంటే, దేశంలో ప్రతి సర్కారు బడికీ ఒక ట్యాబ్ వెళ్తోంది. మూడో తరగతి పిల్ల దాని ముందు కూర్చుని ఒక పేజీ పైకి చదవాలి. అది వింటుంది. తప్పు పోతే "మళ్ళీ చదువు" అంటుంది. చివరికి మార్కు వేసి, ఆ గొంతుతో సహా ఇక్కడికి పంపుతుంది. అది సరిగ్గా విందో లేదో నేను వినాలి. పిల్లల్ని యంత్రం వింటుంది, యంత్రాన్ని నేను వింటాను, నన్ను వినేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. అందుకే నీకు ఇంత పొడుగు ఉత్తరం.

ఇన్నేళ్ళూ ఈ ఆఫీసుకి బళ్ళ నుంచి కాయితాలే వచ్చేవట. "విద్యార్థులందరూ చక్కగా చదువుచున్నారు" అని అన్ని బళ్ళవాళ్ళూ ఒకే వాక్యం పంపేవాళ్ళట. ఇప్పుడు మొదటిసారి పిల్లల గొంతులు వస్తాయి. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు జల్లుమంది.

ఇంజనీరు గోడమీద పిల్లల తప్పులకి పేర్లు రాసి అంటించాడు. తడబాటు, మింగుడు, నసుగుడు. 'నసుగుడు' అని ఒకసారి పైకి అను పిన్నీ. నోరు తనంతట తనే నసుగుతుంది. ఆ రోజంతా ఆ మాటే నములుతూ తిరిగాను.

అసలు సంగతి. ఆగస్టు లోపల అన్ని బళ్ళ రికార్డులూ రావాలి. ఒకే టీచరున్న బళ్ళలో రెండో టీచర్ని ఎక్కడ వెయ్యాలో ఆ ఫలితం చూసే తేలుస్తారట. నువ్వు పదకొండేళ్ళుగా అడుగుతున్నావు. నాకు తెలిసి ఈసారి నీకే వస్తుంది.

పక్క బల్ల వాళ్ళు నా కలం చప్పుడుకి విసుక్కుంటున్నారు. ఆపుతాను.

నీ వసపిట్ట


జూలై 2

వసపిట్టకి పిన్ని రాసేది,

నీ ఉత్తరం మొదటి సగం చదివేసరికి వంట అయిపోయింది. మాడలేదు.

ట్యాబ్ వచ్చింది. టపా వ్యానువాడు దాన్ని పసిబిడ్డని దింపినట్టు దింపి, నాతో మూడుచోట్ల సంతకం పెట్టించుకున్నాడు. మా బడికి ఆనుకుని కంకర మిల్లు ఉందని నీకు తెలుసు కదా. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా రాళ్ళు నమిలే చప్పుడే. మొదటిరోజు ట్యాబ్ తెరిచి బల్లమీద పెట్టాను. పిల్లలింకా నోరు తెరవలేదు, అది మిల్లుని విని "మళ్ళీ చదువు" అంది. మిల్లు చదివింది. మళ్ళీ చదువు అంది. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎంత చేసినా తప్పే పడుతోందని దానికి 'అత్తగారు' అని పేరు పెట్టేశారు. ఇప్పుడు అందరూ అదే పేరు. నేను కూడా నోరు జారి "ఒరేయ్, అత్తగారికి చార్జింగు పెట్టండిరా" అంటున్నాను.

మిల్లు భోజనానికి ఆగే ఆ కాస్త సమయమే మాకు నిశ్శబ్దం. అందులోనే పిల్లలు తినాలి, అందులోనే అత్తగారి ముందు కూర్చోవాలి.

మా సంగతి నీకు కొత్తేం కాదు. రెండు గదులు, ఐదు తరగతులు, ఒక నేను. ఈ గదిలో ఎక్కాలు చెప్తుంటే ఆ గదిలో కొట్టుకుంటారు. కొట్లాట తీర్చి వచ్చేసరికి ఎక్కాలు మర్చిపోతారు. బడి గంట పగిలిపోయి ఏడాదయింది, కొత్తది ఇవ్వలేదు. ఐదో తరగతిలో ఒక పిల్ల ఉంది, పోయిన వేసవిలో నువ్వూ విన్నావు, అది కేక పెడితే మిల్లు చప్పుడు దాటుకుని వీధి చివరికి వినిపిస్తుంది. దాన్నే వాడుకుంటున్నాం. పేరు కూడా గంటే. దాని కొంగు పట్టుకున్నట్టు వెనకే తిరిగే మూడో తరగతి పిల్ల ఒకతి ఉంది, మిల్లు యంత్రం నడిపేవాడి కూతురు. మెడ లోపలికి లాక్కుని కూర్చుంటుందని గువ్వ అంటాం. ఆ రెండూ ఒకచోట ఉంటే ఒకటి కేక, ఒకటి నీడ.

నువ్వు రాసిన చివరి మాట పదిసార్లు చదివాను. నడుం బిగించాను. రెండో టీచరు మాకే రావాలి. మూడో తరగతిలో ఉన్నది ఆరుగురే. ఆ ఆరుగురి చేతా ముత్యాల్లా చదివిస్తాను. చూస్తూ ఉండు.

అక్క వేళకి తింటున్నావా అని అడగమంది. తింటున్నావా?

పిన్ని


జూలై 20

పిన్నీ,

తింటున్నాను. ఏం తింటున్నానో అడగకు.

'అత్తగారు' అనే పేరు ఇంజనీరుకి చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి నవ్వాడు. సాయంత్రానికి అంతస్తంతా పాకింది. మర్నాడు డైరెక్టరుగారి ముందే ఒకాయన "సార్, ఉత్తరాది అత్తగార్లు ఇరవై మంది పనిచెయ్యడంలేదు" అన్నాడు. డైరెక్టరుగారు నవ్వలేదు. "ఆ పరికరానికి ఒక పేరుంది" అన్నారు. ఆ పేరు ఎవరికీ గుర్తు లేదు.

డైరెక్టరుగారు చెడ్డవారు కారు పిన్నీ. పొద్దున్న అందరికంటే ముందు వస్తారు. ఈ పని మొదలుపెట్టడానికి ఆయన ఎన్ని గుమ్మాలు ఎక్కారో ఇంజనీరు చెప్పాడు. కానీ ఆయనకొక ఆశ ఉంది. ఒక టీచరు, ఒక ట్యాబ్ ఉంటే బడి నడిచిపోతుందని. మారుమూలలకి టీచర్లు వెళ్ళరు, వెళ్ళినా ఉండరు, ట్యాబ్ అయితే బదిలీ అడగదు అంటారు. అది రుజువు చేసే బడి ఒక్కటి దొరికితే చాలని వెతుకుతున్నారు.

మీ రికార్డులు ఇంకా రాలేదు. మిల్లు ఆగినప్పుడే తియ్యి. హడావుడి పడకు. ఈ వారం నాకు నచ్చిన మాట 'ఊపిరాడక'. ఒక పిల్లాడు ఆ మాటని ఊపిరి తీసుకోకుండా చదివాడు.

నీ వసపిట్ట


ఆగస్టు 9

వసపిట్టా,

అయిపోయింది. ఆరుగురూ చదివేశారు. అత్తగారు ఒక్కరిని కూడా "మళ్ళీ చదువు" అనలేదు. చివరి పిల్ల లేవగానే తెరమీద పువ్వులు రాల్చింది. మా పిల్లలు ఆ పువ్వుల్ని ఏరుకోవడానికి తెర మీద గోళ్ళతో గీకారు.

ఎలా చేశావని అడుగుతావు. కొత్తగా ఏమీ చెయ్యలేదు, మా బడిలో రోజూ ఎలా చదువుతారో అలాగే చదివించాను. మూడు వారాలు కష్టపడ్డాం. గంట గొంతు బొంగురు పోయింది పాపం, రెండురోజులు బడి గంట కొట్టేవాళ్ళు లేక నేనే చప్పట్లు కొట్టాను.

పక్క గది తుడిపించాను. విరిగిన బీరువా బయట పెట్టించాను. టీచరు వస్తే ఆ గదే. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు అడిగారు, "కొత్త పంతులమ్మ నిజంగా వస్తుందా అమ్మా?" అని. "మీ పిల్లలు తెచ్చుకుంటున్నారు" అన్నాను.

మార్కులు చూసి ఒక ముక్క రాయి. సంతోషం దాచుకోకు.

పిన్ని


ఆగస్టు 28

పిన్నీ,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడంలేదు, అందుకని మధ్యలో మొదలుపెడతాను.

ఒకే టీచరున్న బళ్ళన్నిటిలో మీ బడి మొదటిది. దేశంలో. డైరెక్టరుగారు ఆ కాయితం పట్టుకుని మా గదిలోకి వచ్చారు, ఆయన మా గదిలోకి రావడం అదే మొదలు. "చూశారా, కంకర మిల్లు పక్కన బడి, ఒకే టీచరు, రెండు నెలలు" అన్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆయన వెతుకుతున్న బడి దొరికింది.

ఆ రికార్డులు నా వంతుకే వచ్చాయి. మా పిన్ని బడి అని గర్వంగా హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. మొదటి పిల్ల, రెండో పిల్లాడు, మూడో పిల్ల. నాలుగో రికార్డు మధ్యలో ఆపి, మళ్ళీ మొదటి నుంచి విన్నాను. ఆరుగురికీ ఒకే గొంతు. కింద సన్నగా ఇంకెవరో గొణుగుతున్నారు, పైన మాత్రం ప్రతిసారీ మీ గంటే. పోయిన వేసవిలో మీ వీధి చివర నించుని నన్ను భోజనానికి పిలిచిన గొంతు అది. నేను మర్చిపోతానా?

ఇది కాపీ పిన్నీ. ఇలా ఎందుకు చేశావు?

రెండో టీచర్ని అట్టడుగున ఉన్న బళ్ళకి ఇద్దామనుకున్నారు. మీకు తక్కువ మార్కులు వస్తాయన్న నమ్మకంతోనే, టీచరు నీకే వస్తుందని రాశాను. ఇప్పుడు మీకు రాదు. అంతేకాదు, మీ బడిని చూపించి ఇంకెవరికీ అక్కర్లేదని నివేదిక రాస్తున్నారు. "ఒక టీచరు, ఒక పరికరం చాలునని రుజువైంది" అని మొదటి పేజీలోనే ఉంది. అది సంతకమైతే ఇలాంటి బళ్ళన్నిటికీ రావలసిన టీచర్ల పోస్టులు ఆగిపోతాయి. అక్టోబరులో కెమెరాలతో మీ బడికి వస్తారు.

నేనింకా ఎవరికీ చెప్పలేదు. నువ్వు చెప్తావా, నేను చెప్పనా?

వసపిట్ట


సెప్టెంబరు 6

నీ ఉత్తరం అందింది.

కాపీ అన్నావు. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఆ మాట నీ చేత అనిపించుకోవడానికి ఉత్తరాలు రాశానన్నమాట.

ఐదు తరగతులకి ఒక్కదాన్ని నేను ఎలా చదువు చెప్తాననుకున్నావు? పెద్దపిల్ల పక్కన చిన్నపిల్లని కూర్చోబెడతాను. పెద్దది చదువుతుంది, చిన్నది కలిపి చదువుతుంది. మా బడిలో ఎవరూ ఒంటరిగా చదవరు. దానికి 'తోడు' అని పేరు. నేను వచ్చిన ఏడాది నుంచీ అదే పద్ధతి, అదే లేకపోతే ఈ బడి ఎప్పుడో మూతపడేది. పిల్లలు రోజూ ఎలా చదువుతారో అత్తగారి ముందు కూడా అలాగే చదివారు. దాచింది ఏముంది? ఆ కిటికీ లేని గదిలో కూర్చుని నువ్వు నేరం వినగలిగావు, బడిని వినలేకపోయావు.

ఇక రెండోది. నా ఉద్యోగంలో ఏనాడైనా బాగా చదివిన బడికి దండ, చదవని బడికి మెమో. కొత్త గంట కావాలన్నా "ముందు ఫలితాలు చూపించండి" అనేవాళ్ళు. ఈసారి తక్కువ వచ్చినవాళ్ళకే ఇస్తారని నువ్వు ఒక్క ముక్క రాయలేదు. నసుగుడు గురించి అరపేజీ రాశావు.

ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో.

పిన్ని


సెప్టెంబరు 15

పిన్నీ,

ఆ మాట అన్నది నేనే. తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు దాచలేదు, నాకు తెలియలేదు. టీచర్ని ఎవరికిస్తారో రాయకపోవడం కూడా నా తప్పే. నాకు తెలిసింది లోకానికంతా తెలుసని అనుకున్నాను.

కానీ ఒకటి అడుగుతాను, కోపం వస్తే ఉత్తరం పక్కన పెట్టి వంట చేసుకుని మళ్ళీ చదువు.

ఇంజనీరు చేత రెండు గొంతుల్నీ విడదీయించాను. గంట గొంతు తీసేసి గువ్వ గొంతొక్కటే విన్నాను. ప్రతి మాటా గంట అన్నాక అంటోంది. రెప్పపాటు వెనక. ఒకచోట గంట తప్పు చదివి సర్దుకుంది. గువ్వ కూడా ఆ తప్పే చదివి, అలాగే సర్దుకుంది. పేజీలో లేని తప్పు అది. గువ్వ చూస్తున్నది పేజీని కాదు పిన్నీ, గంటని.

గువ్వ ఒంటరిగా చదవగా నువ్వెప్పుడైనా విన్నావా?

మార్కుల్ని వెనక్కి తీసుకోవచ్చా అని కూడా అడిగాను. కుదరదట. తప్పినవాళ్ళకే మళ్ళీ చదివే అవకాశం పెట్టారు. నెగ్గినవాళ్ళు ఓడిపోతామని వస్తారని ఎవరూ అనుకోలేదట. ఇంజనీరు తల గోక్కున్నాడు.

నువ్వు జవాబు రాసేదాకా ఎవరికీ చెప్పను. కానీ రాయి. నివేదిక మీద సంతకం ఈ నెలాఖరు తర్వాత ఎప్పుడైనా పడవచ్చు.

నీ వసపిట్ట


సెప్టెంబరు 27

వసపిట్టా,

ఉత్తరం పక్కన పెట్టాను. వంట చెయ్యలేదు. బడికి వెళ్ళాను.

మిల్లు ఆగాక గువ్వని వెనక మెట్ల మీదకి తీసుకెళ్ళాను. పుస్తకం ఇచ్చాను. "చదువమ్మా" అన్నాను. పుస్తకం తెరిచి, వేలు పెట్టి, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది.

"ఎవరికోసం?"

"అక్క రాలేదు."

"అక్క లేకుండా చదువు."

"అక్క మొదలెట్టాలి కదా టీచర్."

నేనే మొదటి మాట అందించాను. అంతే, పేజీ మొత్తం గడగడా అప్పజెప్పేసింది. వేలు మాత్రం రెండో వరుస దగ్గరే ఉంది. నేను ఇంకో పేజీ తిప్పాను. మళ్ళీ అదే పాఠం అప్పజెప్పింది. అప్పుడు ఒక్కొక్క అక్షరమే చూపించాను. కొన్ని వచ్చు. చాలా రావు. రానప్పుడల్లా మెడ ఇంకొంచెం లోపలికి లాక్కుంది.

అది మూడేళ్ళుగా నా ముందే కూర్చుంటోంది. దాని పెదాలు కదులుతూంటే చదువుతోందనుకున్నాను.

మిగిలిన ఐదుగురినీ విడివిడిగా విన్నాను. ఇద్దరు చదువుతారు. ఒకడు గుణింతాల దగ్గర ఆగిపోయాడు. ఇద్దరు గువ్వ లాంటివాళ్ళే. తోడు మంచిదే, నేనిప్పటికీ అంటాను. తోడు లేకపోతే వాళ్ళు బడికే వచ్చేవాళ్ళు కారు. కానీ ఎవరు తోడుతో నడుస్తున్నారో, ఎవరు తోడు భుజమెక్కి కూర్చున్నారో నాకు తెలియలేదు. తెలుసుకోవాలంటే ఒక్కొక్కరి పక్కనా కూర్చోవాలి. కూర్చుంటే పక్క గది ఎవరు చూస్తారు?

కాబట్టి ఇప్పుడు నాకు రెండో టీచరు కావాలి. ఇంతకుముందు అడిగినట్టు కాదు. ఇప్పుడు ఎందుకో పేరు పెట్టి చెప్పగలను.

రానీ ఆ కెమెరాల్ని. నేనే చెప్తాను. ఆరుగురి ఇళ్ళకీ వెళ్ళి ముందే చెప్పాను. గువ్వ తల్లి తలకి చుట్టుకున్న గుడ్డ విప్పి దుమ్ము దులుపుతూ, "మా పిల్లకి చదువు రాదని దేశమంతా చూడాలా అమ్మా?" అంది. చూడరు, కెమెరాని గుమ్మం దాటనివ్వనని మాటిచ్చాను. గువ్వ తండ్రి ఆ రోజు మిల్లు ఆపుతానన్నాడు. యజమాని ఒప్పుకుంటాడా అంటే, "బెల్టు తెగుతుంది టీచరమ్మా, ఆ రోజు తప్పకుండా తెగుతుంది" అన్నాడు.

పిన్ని


అక్టోబరు 5

పిన్నీ,

నువ్వొక్కదానివే మొయ్యనక్కర్లేదని డైరెక్టరుగారి గదికి వెళ్ళాను. నువ్వు రాసిన సంగతంతా చెప్పాను. ఆయన నివేదిక తీసి మొదటి పేజీ మళ్ళీ చదువుకున్నారు. తర్వాత "ఆ టీచరు మీకేమవుతారు?" అన్నారు.

"మా పిన్ని, సార్."

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు మీకు?"

"ఆగస్టు నుంచి."

"అంటే నా నివేదిక తయారవుతుంటే మీరు చూస్తూ కూర్చున్నారు."

ఆ సాయంత్రమే నన్ను వినే గదిలోంచి తీసేసి కింద సామాన్ల గదిలో వేశారు. ఇప్పుడు పాడైన ట్యాబ్‌ల దుమ్ము తుడుస్తున్నాను. కాలేజీకి నా గురించి ఏం రాస్తారో తెలియదు. అమ్మకి చెప్పకు.

ఆయన మాత్రం మీ బడికి వస్తున్నారు. "ఒక పిల్లతో పద్ధతి తేలిపోదు, నా చెవులతో నేను వింటాను" అన్నారు. నేను చెప్పింది నమ్మారో లేదో తెలియదు. వెళ్ళకుండా ఉండలేకపోతున్నారు, అది మాత్రం తెలిసింది.

సామాన్ల గదిలోకి ఇంజనీరు టీ కప్పుతో దిగి వచ్చాడు. ప్రతి పిల్లకీ రెండు మార్కులు వెయ్యవచ్చు కదా అని అడిగాను. తోడుతో చదివింది ఒకటి, ఒంటరిగా చదివింది ఒకటి. రెండింటికీ మధ్య ఎంత దూరముందో అంత పని టీచరుకి ఉందని లెక్క. ఆయన కప్పు చల్లారిపోయేదాకా ఆలోచించాడు. "చెయ్యొచ్చు, ఎవరైనా అడిగితే" అన్నాడు. నేను అడుగుతున్నాను కదా అన్నాను. "నువ్వు సామాన్ల గదిలో ఉన్నావు" అన్నాడు. కానీ మర్నాటి నుంచి చేస్తున్నాడు.

పిన్నీ, ధైర్యంగా ఉండు అని రాయబోయాను. నీకు ఆ మాట రాయడం దండగ.

నీ వసపిట్ట


అక్టోబరు 19

వసపిట్టా,

వచ్చారు, వెళ్ళారు. వరసగా చెప్తాను, మధ్యలో అడ్డం రాకు.

రెండు కార్లు. డైరెక్టరుగారు, కెమెరా పట్టుకుని ఇద్దరు. బెల్టు పొద్దున్నే తెగింది. అంత నిశ్శబ్దంలో బడిని నేనే ఎప్పుడూ చూడలేదు. పిల్లలు గుసగుసగా మాట్లాడుతున్నారు, ఎవరో నిద్రపోతున్నట్టు.

గుమ్మంలోనే ఆపాను. "కెమెరాలు బయటే ఉండాలి సార్. తల్లులకి మాటిచ్చాను."

"మేం వచ్చిందే తియ్యడానికమ్మా."

"నన్ను తియ్యండి, గోడలు తియ్యండి. పిల్ల చదవలేక తల దించుకోవడం మాత్రం తియ్యకండి."

ఆయన వెనక్కి తిరిగి, వాళ్ళని చెట్టుకింద కూర్చోమన్నారు. లోపలికి వచ్చి మూడో తరగతి బల్లమీద కూర్చున్నారు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ముందు తోడుతో చదివించాను. అత్తగారు పువ్వులు రాల్చింది. తర్వాత పెద్దపిల్లల్ని బయటికి పంపాను. ఆయన ఒక్కొక్కరినీ తనే పిలిచి విన్నారు. మెల్లిగా, మంచిగా అడిగారు, అది చెప్పాలి. గువ్వ దగ్గరికి వచ్చేసరికి అది పుస్తకం తెరవనేలేదు. ఆయన కూడా తెరవమనలేదు.

"మరి ఆ మార్కులు ఎలా వచ్చాయి?" అని నన్నడిగారు. నేను నోరు తెరిచేలోపల కిటికీలోంచి గంట, "నావే సార్. ఆరూ నావే. నేను ఐదో తరగతి" అంది. గర్వంగానే అంది, దానికేం తెలుసు.

ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత నవ్వు పోయింది. "ఈ పరికరం వచ్చింది కాబట్టి కదా ఇదంతా బయటపడింది" అన్నారు.

"అవును సార్. అది రాకపోతే నాకు ఇంకో మూడేళ్ళు తెలిసేది కాదు. కానీ తెలిశాక పక్కన కూర్చునేదెవరు?"

ఆయన జవాబు చెప్పేలోపల పక్క గదిలో పలకలు విరిగిన చప్పుడయింది. "ఒక్క నిమిషం వీళ్ళని చూస్తూ ఉండండి" అని నేను వెళ్ళాను. నిజం చెప్తున్నాను, కావాలని చెయ్యలేదు. కానీ వెళ్ళాక, తిరిగి రావడానికి తొందరపడలేదు. అది మాత్రం కావాలనే.

గోడ అవతలి నుంచి విన్నాను. ఆయన ఒకడికి గుణింతం చెప్తున్నారు. ఇంకొకడు "సార్, వీడు నన్ను గిల్లుతున్నాడు" అన్నాడు. ఒకతి దాహం అంది. "ఇతని తర్వాత నీ వంతు" అన్నారు. "మరి నా వంతు ఎప్పుడు సార్?" "నాది సార్?" గుణింతం వాడు మొదటికొచ్చాడు. "నిశ్శబ్దం!" అని ఆయన అరిచారు. కాసేపు ఆగి, ఇంకా గట్టిగా అరిచారు. నేను వెళ్ళేసరికి కోటు తీసి బల్లమీద పెట్టి ఉంది, చేతులనిండా సుద్ద.

"ఎంతసేపు వెళ్ళారమ్మా మీరు?"

"రోజూ ఇంతే వెళ్తాను సార్."

ఆయన చేతులు కడుక్కుని, కోటు వేసుకుని కారెక్కారు. ఏమనుకున్నారో నాకు తెలియదు. ఏదనుకున్నా, మనం చెప్పవలసింది చెప్పాం.

నువ్వు దుమ్ము తుడుస్తున్న సంగతి అక్కకి చెప్పలేదు. బాగా తుడువు.

పిన్ని


నవంబరు 8

పిన్నీ,

మొదటి పేజీ మారింది. "రుజువైంది" అన్న వాక్యం కొట్టేశారు. డైరెక్టరుగారే, తన చేత్తో. పైనుంచి చాలా ఒత్తిడి వచ్చిందట, మంత్రిగారి ఉపన్యాసంలో మీ బడిని అప్పుడే రాసేసుకున్నారట. ఆయన గదిలోంచి పెద్దగా మాటలు వినిపించాయి. "ఒక్క పూట చెప్పి చూడండి, తర్వాత మాట్లాడదాం" అని ఆయన ఫోనులో ఎవరితోనో అనడం సామాన్ల గది దాకా వినపడింది.

ఒకే టీచరున్న బళ్ళన్నిటినీ మళ్ళీ వింటున్నాం. ఈసారి రెండు మార్కులు, తోడుతో ఒకటి, ఒంటరిగా ఒకటి. ఎక్కడ దూరం ఎక్కువుంటే అక్కడికి ముందు టీచరు. పోస్టులు ఆగలేదు. అన్నీ ఒక్కసారే రావు, కానీ ఆగలేదు. మీ బడి నుంచి నువ్వు పంపిన కొత్త రికార్డులు నేనే విన్నాను, నన్ను పై గదిలోకి పిలిచారు. ఇప్పటిదాకా విన్నవాటిలో మీది అట్టడుగు నుంచి నాలుగోది. పిన్నీ, ఇంత తక్కువ మార్కులు చూసి ఇంత సంతోషించినవాళ్ళు ఈ ఆఫీసులో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఒక సంగతి అడగాలని ఉంది. వచ్చే ఏడు నా చదువు అయిపోతుంది. ఆ రెండో టీచరుగా నేనే వస్తే? ఆలోచించి చెప్పు.

నీ వసపిట్ట


నవంబరు 24

వసపిట్టకి,

ఆలోచించాను. వద్దు. వచ్చే ఏడుదాకా పక్క గది ఖాళీగా ఉంచలేను. పైగా అక్కడ వినేవాళ్ళలో బడి చప్పుడు తెలిసిన చెవి ఒకటైనా ఉండాలి. నీకు పాఠం చెప్పాలనుంటే ఇంకా బళ్ళున్నాయి, మాకంటే అడుగున మూడున్నాయి, వాటిల్లో ఒకటి అడుగు.

ఒకే కవరులో రెండు కాయితాలు వచ్చాయి. ఒకటి మెమో. తప్పు రికార్డులు పంపినందుకు సంజాయిషీ ఇవ్వాలట. రెండోది టీచరు పోస్టింగు. ఏది ముందు చదవాలో తెలియక రెండూ గువ్వ తండ్రికి చూపించాను. "ఒకటి తిట్టు, ఒకటి ముద్దు, ఒకే ఇంట్లోంచి వచ్చాయన్నమాట" అన్నాడు. సంజాయిషీ రాసి పంపాను. ఆ మార్కులు మావి కావు, ఈసారి పంపినవి మావి, వచ్చే ఏడు పంపేవి కూడా మావే అవుతాయి అని రాశాను. దానికి ఏం శిక్ష వేస్తారో వెయ్యనీ.

కొత్త టీచరు సోమవారం వచ్చాడు. సన్నగా, భయంభయంగా ఉన్నాడు. మిల్లు చప్పుడుకి మొదటిరోజు రెండుసార్లు ఉలిక్కిపడ్డాడు, పిల్లలు లెక్కపెట్టారు. ఉంటాడో పోతాడో తెలియదు. పోకుండా చూసుకునే పూచీ నాది. నాలుగూ ఐదూ తరగతులు అతనికి ఇచ్చాను.

ఇవాళ మిల్లు ఆగాక గువ్వతో వెనక మెట్ల మీద కూర్చున్నాను. కొత్త పుస్తకం, అది ఎప్పుడూ వినని పాఠం. గంట లోపల కొత్త టీచరు దగ్గరుంది. మొదటి మాట చదివింది. రెండోది చదివింది. మూడో మాట దగ్గర ఆగిపోయింది. నాకు నోటిదాకా వచ్చింది, అందిద్దామని. పళ్ళు బిగబట్టుకున్నాను. అది గుమ్మం వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. అక్షరాల మీద వేలు ఒత్తి పట్టుకుని, ఒక్కొక్కటీ పేర్చుకుని, చివరికి అనేసింది. 'పందిరి'. అని, తలెత్తి, "ఇది నేనే అన్నాను టీచర్" అంది.

నీకు మాటలంటే ఇష్టం కదా, అందుకని రాస్తున్నాను.

ఇంక ఆపుతాను. మెట్ల పక్కన ఇంకా ఐదుగురు నించుని ఉన్నారు.

పిన్ని